ఇగ్వానాని తిరుపతిలో పెంచొచ్చా? అది నిజంగా మనిషికి అలవాటవుతుందా?

పట్టెడ_కుర్రోడు (తిరుపతి)

అందరికీ నమస్కారం. నా ఫ్రెండ్ ఒకడు బెంగళూరులో ఇగ్వానాని, అంటే ఒక రకం పెద్ద విదేశీ బల్లిని, పెంచుతున్నాడు. ఉద్యోగం మీద జర్మనీ పోతున్నాడు, దాన్ని నన్ను తీసుకోమంటున్నాడు. పచ్చరంగుది, మగది, తోకతో కలిపి నాలుగు అడుగుల పైనే ఉంటుంది. వీడియో కాల్‌లో చూపించాడు, వాడి భుజం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. "కుక్కకన్నా ప్రేమగా ఉంటుందిరా" అంటాడు.

మేం ఉండేది బైరాగిపట్టెడలో అద్దె ఇంట్లో. పైన మేడ ఖాళీగానే ఉంది. ఇంట్లో అమ్మ, నేను, అక్క, మూడేళ్ళ మేనకోడలు. మన ఎండలకి అది తట్టుకుంటుందా? నిజంగా మనిషిని గుర్తుపడుతుందా, లేక వీడే మురిసిపోతున్నాడా? ఇంటి ఓనర్ ఆంటీకి ఫొటో చూపిస్తే "ఉడుమును ఇంట్లో పెడతావా నాయనా, ఫారెస్టోళ్ళు వచ్చి నిన్ను పట్టుకుపోతారు" అంది. అప్పట్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్.

శేషాచలం_నడక (తిరుపతి)

ముందు ఆంటీ సంగతి చూద్దాం. ఆవిడ ఉడుము గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఉడుము వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. ఇంట్లో పెట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ళ జైలు.

కానీ నీ ఫ్రెండ్ దగ్గరున్నది వేరే కుటుంబం. ఉడుము మాంసాహారి. ఎండ్రకాయలు, పురుగులు, గుడ్లు, ఎలుకలు, ఏది దొరికితే అది. మెడ పొడుగ్గా ఉంటుంది, చివర రెండుగా చీలిన నాలుక ఆడిస్తూనే నడుస్తుంది. పచ్చ ఇగ్వానా సొంత నేల మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా. బతికేది చెట్ల మీద, తినేది ఆకులు. మెడ నుంచి తోక వైపు వీపు మీద ముళ్ళ వరస, గొంతు కింద గంగడోలు, చెవి కింద గుండ్రటి పెద్ద పొలుసు ఒకటి ఉంటాయి. ఆ గుండ్రటి పొలుసు చూపించి ఆంటీకి చెప్పు, ఉడుముకి అది ఉండదు.

రెండో_ఫ్లోర్_అక్క (తిరుపతి)

గంగడోలు ఆవుకే ఉంటుందనుకున్నా ఇన్నాళ్ళూ.

నాదో సీరియస్ డౌట్. బల్లి మీద పడితే పంచాంగంలో ఫలితం చూసుకుంటాం, కంచికి పోయి బంగారు బల్లిని తాకొస్తాం. ఈ నాలుగు అడుగులది భుజం మీద పడితే ఏ పేజీ చూడాలి?

పచ్చతోక (చెన్నై, సొంతూరు పుత్తూరు)

అక్కా, ఎమర్జెన్సీ వార్డు పేజీ చూడాలి. గోళ్ళు అంత పదును.

తమ్ముడూ, నేను చాలా ఏళ్ళుగా ఒకదాన్ని పెంచుతున్నాను కాబట్టి నీ అసలు ప్రశ్నకి జవాబు చెప్తా. గుర్తుపడుతుంది. నేను గదిలోకొస్తే కదలదు, కొత్తవాళ్ళొస్తే పక్కకి తిరిగి, ఒళ్ళు పెద్దగా కనపడేలా ఉబ్బించి, గంగడోలు దించి నిలబడుతుంది. నేనే టోపీ పెట్టుకుని పోతే ఒక నిమిషం పాటు నేనూ కొత్తవాడినే. తిండి గిన్నె చప్పుడు తెలుసు, స్నానం టబ్బు ఎక్కడుందో తెలుసు, మధ్యాహ్నం ఏ కిటికీలో ఎండ పడుతుందో నాకన్నా దానికే బాగా తెలుసు.

దీన్ని ప్రేమ అనొద్దు. నేను దానికి అపాయం కాదని నమ్మకం కుదిరింది, అంతే. ఆ నమ్మకం కుదరడానికి నెలలు పట్టింది. రోజూ ఒకే టైముకి పోయి, చెయ్యి దూరంగా పెట్టి, ఊరికే కూర్చోవడం. తొందరపడి పట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ భుజం మీద కళ్ళు మూసుకున్న సీన్ గురించి. ఇంటర్నెట్ నిండా అవే ఫొటోలు. ఇగ్వానా కళ్ళు మూసుకుంటే హాయిగా ఉందనే అర్థం కాదు. నిమిరేటప్పుడు నీ వైపున్న కన్ను ఒక్కటే మూసిందంటే, "ఇంక చాలు, ఆపు" అంటోందని పెంచేవాళ్ళు చాలామంది అనుకుంటారు. పారిపోయే దారి లేనప్పుడు అది చేసే పని అదే. కాళ్ళు వదులుగా వేలాడేసి, గంగడోలు ముడుచుకుని పడుకుంటే అప్పుడు నిజంగా తీరిగ్గా ఉన్నట్టు. నీ ఫ్రెండ్‌ని మళ్ళీ వీడియో కాల్ చెయ్యమని, ఈసారి కాళ్ళు చూడు.

ఇంకోటి. దాని నడినెత్తిన మూడో కన్ను ఉంది. నమ్మకపోతే దగ్గర్నుంచి చూడు, పొలుసుల మధ్య సన్నటి పారదర్శకమైన చుక్క కనిపిస్తుంది. బొమ్మ కనపడదు దానికి, వెలుతురూ నీడా తెలుస్తాయి. అడవిలో పైనుంచి నీడ పడిందంటే గద్దే. అందుకే పైనుంచి చెయ్యి పెడితే ఎంత అలవాటైందైనా ఉలిక్కిపడుతుంది. పక్కనుంచి, దాని పొట్ట ఎత్తులో చెయ్యి పెట్టాలి. తోక మాత్రం ఎప్పుడూ పట్టుకోవద్దు, ఊడి నీ చేతికొస్తుంది. మళ్ళీ పెరుగుతుంది కానీ అందులో ఎముక ఉండదు, రంగూ కలవదు.

పట్టెడ_కుర్రోడు

కాల్ చేశా అన్నా. కాళ్ళు వదులుగా లేవు. గోళ్ళు వాడి టీషర్టులోకి దిగి ఉన్నాయి.

పచ్చతోక

అది భుజాన్ని కొమ్మ అనుకుంటోంది. చెడ్డ గుర్తేం కాదు, కానీ "కుక్కకన్నా ప్రేమ" కూడా కాదు. ఇంకా ఒకటి అడుగు, మగది కదా, జతకట్టే సీజన్‌లో ఎలా ఉంటుందని. ఏడాదిలో కొన్ని వారాలు ఒంటికి నారింజ రంగు తేలుతుంది, తల పైకీ కిందకీ ఊపుతూ తిరుగుతుంది, తిండి తగ్గిస్తుంది, అద్దంలో తన నీడ మీదే దాడి చేస్తుంది. ఆ టైములో యజమాని కూడా దానికి పోటీకొచ్చిన మగ ఇగ్వానాయే. పళ్ళు చిన్నవే, కానీ రంపం పళ్ళు. చాలామంది పెంపకం మానేసేది ఆ మొదటి సీజన్‌లోనే.

పశువైద్యం_థర్డ్_ఇయర్ (తిరుపతి)

అన్న ప్రవర్తన గురించి చెప్పారు, నేను ఆరోగ్యం గురించి చెప్తా. ఇగ్వానాల్లో మాకు ముందు చెప్పే జబ్బు ఎముకలది. కాల్షియం సరిపోకపోయినా, ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు ఒంటికి తగలకపోయినా ఎముకలోంచే కాల్షియం కరిగిపోతుంది. మోసం ఎక్కడంటే, తొడలు ఉబ్బి గట్టిగా ఉంటాయి, చూసినవాళ్ళు "బాగా ఒళ్ళు చేసింది" అనుకుంటారు. అది కండ కాదు, బలహీనపడిన ఎముక చుట్టూ పేరుకున్న పీచు. దవడ నొక్కితే వంగుతుంది. నడిచేటప్పుడు వేళ్ళు వణుకుతాయి. మీ ఫ్రెండ్ దాన్ని నేల మీద నడిపించి వీడియో తియ్యమనండి, పొట్ట నేలకి ఆనకుండా లేచి నడుస్తోందా చూడండి.

కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. బెంగళూరు ఫ్లాట్లో ఉన్నది కాబట్టి ఏ దీపం వాడారో, ఎప్పుడు మార్చారో అడగండి. ఆ దీపం వెలుగుతూనే ఉన్నా కొన్నాళ్ళకి కిరణాల బలం తగ్గిపోతుంది.

తిండి విషయంలో మనం అదృష్టవంతులం. మునగాకు, మందార ఆకూ పువ్వూ, గుమ్మడికాయ తురుము, సొరకాయ, బీరకాయ, అప్పుడప్పుడు చిన్న బొప్పాయి ముక్క. పాలకూర రోజూ పెట్టొద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఉడికించిన గుడ్డు, పిల్లుల తిండి పెడితే "త్వరగా పెరుగుతుంది" అని కొందరు చెప్తారు. పెరుగుతుంది, తర్వాత కిడ్నీలు పోతాయి. అది పుట్టుకతోనే శాకాహారి. పేగులోని సూక్ష్మజీవులే ఆకుని అరిగిస్తాయి, అడవిలో పిల్లలు ఆ సూక్ష్మజీవుల కోసం పెద్దవాటి రెట్ట కూడా తింటాయి. ఒంటికి వేడి చాలకపోతే ఆ అరుగుదల ఆగిపోతుంది.

ఇంక మూడేళ్ళ పాప విషయం. సాల్మొనెల్లా క్రిములు ఆరోగ్యంగా ఉన్న ఇగ్వానా పేగులో కూడా ఉంటాయి, దానికేం కాదు, మనకి వస్తే విరేచనాలు, జ్వరం. ఐదేళ్ళలోపు పిల్లలకి, పెద్దవాళ్ళకి, గర్భిణులకి అది ప్రమాదంగా మారొచ్చు. అలాంటి పిల్లలున్న ఇంట్లో పాకే జంతువులు వద్దనే డాక్టర్లు చెప్తారు. నా మాటా అదే. మేడ మీద విడిగా పెట్టి, పాపని ముట్టుకోనివ్వకుండా, మీరు చేతులు సబ్బుతో కడుక్కుని, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకుండా ఉండగలిగితేనే ఆలోచించండి.

రెండో_ఫ్లోర్_అక్క

మూడేళ్ళ పిల్లని మేడ మెట్లు ఎక్కకుండా ఆపడం అంటే ఏంటో ఈ డాక్టరమ్మకి పెళ్ళయ్యాక తెలుస్తుంది.

పశువైద్యం_థర్డ్_ఇయర్

నాకూ ఆ డౌటే అక్కా, అందుకే "ఉండగలిగితేనే" అన్నా. ఇంకో సంగతి మర్చిపోయా: ముక్కు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే కంగారు పడొద్దు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ముక్కులోంచి చీది పారేస్తుంది. అద్దం మీద తెల్లటి చుక్కలు పడతాయి. జలుబని మందులు వేసినవాళ్ళున్నారు.

పలమనేరు_పెద్దాయన (పలమనేరు)

చదువుతా ఉంటే పాత సంగతులు గుర్తొస్తా ఉండాయి అబ్బయా. మా చిన్నప్పుడు మామిడి తోటల్లో, చెరువు కట్టల మీద ఉడుములు విరివిగా ఉండేవి. ఎవరూ పెంచేవాళ్ళు కాదు, కనిపిస్తే బతకనిచ్చేవాళ్ళూ కాదు. కూర వండేవాళ్ళు, నూనె తీసి నడుం నొప్పికని అమ్మేవాళ్ళు. కంజీర వాయించేవాళ్ళకి ఉడుము చర్మమే కావాల్సి వచ్చేది, ఆ నాదం ఇంకే చర్మానికీ రాదనేవాళ్ళు. ఇప్పుడు వేరే చర్మాలు వేసుకుంటున్నారు, మంచిదే.

ఇంకో దందా 2017లో బయటపడింది. "హత్థా జోడీ" అని రెండు చేతులు జోడించినట్టుండే వేరు, బీరువాలో పెడితే లక్ష్మి నిలుస్తుందని ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు. పరీక్ష చేస్తే అది వేరూ కాదు, చెట్టూ కాదు. మగ ఉడుము జననాంగం ఎండబెట్టింది. జనం దానికి కుంకుమ పెట్టి పూజ చేశారు.

మనం ఉడుముని చూసినట్టే వాళ్ళ దేశంలో వాళ్ళు ఈ ఇగ్వానాని చూస్తారా? ఎవరైనా చెప్పండి.

భూగోళం_మాస్టారు (చిత్తూరు)

అచ్చం అట్లనే అన్నా. మధ్య అమెరికాలో దాని మాంసం, గుడ్లు వందల ఏళ్ళుగా తింటున్నారు. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం మానేస్తారు కదా, ఇగ్వానా పులుసుకి మాత్రం మినహాయింపు, దాన్ని చేపల లెక్కలో వేసుకున్నారు. కడుపుతో ఉన్నవాటినే ఎక్కువ పట్టేవాళ్ళు, గుడ్ల కోసం. దాంతో చాలాచోట్ల తగ్గిపోయాయి. 1980లలో డాగ్మార్ వెర్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పనామాలోను, తర్వాత కోస్టారికాలోను వాటిని పెంచి చూపించింది. అడవి నరికి పశువుల్ని మేపేకన్నా చెట్లు ఉంచి ఇగ్వానాల్ని పెంచుకోండని ఆమె వాదన. తినేవాళ్ళ చేతనే కాపాడించాలని చూసింది. నాకు నచ్చిన ఆలోచన అది.

గాలపాగోస్ దీవుల కథ వేరు. అక్కడ మనిషంటే భయమే తెలియని ఇగ్వానాలు. 1835లో డార్విన్ పోయినప్పుడు సముద్రపు ఇగ్వానాని ఒకదాన్ని పట్టి నీళ్ళలోకి విసిరాడు. అది ఈదుకుంటూ నేరుగా ఆయన నిలబడ్డ చోటికే వచ్చింది. మళ్ళీ విసిరాడు, మళ్ళీ వచ్చింది. దానికి తెలిసిన శత్రువులు నీళ్ళలో ఉన్న సొరచేపలు, ఒడ్డున ప్రమాదం ఉండదని దాని లెక్క. శాంటియాగో దీవిలోనైతే నేల ఇగ్వానాల బొరియలు ఎంత దట్టంగా ఉన్నాయంటే డేరా వేయడానికి చోటు దొరకలేదని రాసుకున్నాడు. తర్వాత మనుషులు తెచ్చిన పందులు, కుక్కలు, పిల్లులు ఆ దీవిలో ఒక్కటీ మిగలకుండా చేశాయి. 2019 జనవరిలో పక్క దీవినుంచి 1,400కి పైగా ఇగ్వానాల్ని తెచ్చి మళ్ళీ వదిలారు. అవి ఇష్టంగా తినేది నాగజెముడు కాయలు, మట్టలు. మన చేల గట్ల మీద ఉంటుందే, ఆ జాతి మొక్కే.

జమైకా ఇగ్వానా అయితే అంతరించిపోయిందని అందరూ అనుకున్నాక 1990లో పందుల వేటగాడి కుక్క నోట దొరికింది...

రెండో_ఫ్లోర్_అక్క

మాస్టారూ, బెల్లు కొట్టారు.

భూగోళం_మాస్టారు

ఒక్కటి చెప్పి ఆపేస్తానమ్మా. గ్రాండ్ కేమన్ అని చిన్న దీవి. అక్కడి సొంత జాతి నీలి ఇగ్వానా 2002 ప్రాంతంలో అడవిలో పాతిక లోపే మిగిలింది. బోనుల్లో పెంచి వదిలి, 2018కి వెయ్యి దాటించారు. అదే 2018లో, అదే దీవిలో, బయటినుంచి వచ్చిన పచ్చ ఇగ్వానాల్ని చంపడానికి మనుషుల్ని కూలికి పెట్టారు. పది లక్షలకు పైగా చంపారు. ఒకదానికి పాలు పోసి పెంచిన చేతులతోనే రెండోదాన్ని కాల్చారు. రెండూ ఇగ్వానాలే, రెండింటి గతీ మనుషులు తెచ్చిపెట్టిందే.

పీలేరు_టు_ఫ్లోరిడా

మాస్టారి చివరి మాట దగ్గర నేను అందుకుంటా. నేనుండేది ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర. ఇక్కడ పచ్చ ఇగ్వానాలు కాలవ గట్ల మీద, స్విమ్మింగ్ పూల్ చుట్టూ, షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో, ఎక్కడ చూసినా అవే. 1960లలోనే మొదలైందట. కొన్ని ఓడల్లో సరుకుతో వచ్చాయి, ఎక్కువ భాగం పెంచలేక జనం వదిలేసినవి. గట్లలో బొరియలు తవ్వుతాయి, సముద్రపు గోడలు కుంగిపోతాయి, రిపేర్లకి డబ్బు నీళ్ళలా పోతుంది. మా ఆవిడ పూజకని మందారం వేసింది. మొగ్గ విచ్చుకోనివ్వవు. దేవుడికన్నా ముందు వాటికే నైవేద్యం.

చలికాలంలో తమాషా చూడాలి. ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలకి పడిపోతే ఒళ్ళు కొయ్యబారి చెట్ల మీదనుంచి రాలిపడతాయి. 2020 జనవరిలో వాతావరణ శాఖే "ఇగ్వానాలు పడొచ్చు, చూసుకోండి" అని హెచ్చరిక ఇచ్చింది. చచ్చాయనుకుని కార్లో వేసుకుంటే, కారు వెచ్చబడగానే లేచి కూర్చుంటాయి. అందుకే లోపలికి తేవద్దని చెప్తారు.

2021 నుంచి ఇక్కడ కొత్తగా పెంపుడుకి తెచ్చుకోవడం నిషేధం. అప్పటికే ఉన్నవాళ్ళు పర్మిట్ తీసుకుని, వాటి ఒంట్లో గుర్తింపు చిప్ వేయించాల్సి వచ్చింది. తైవాన్ దక్షిణాన కూడా ఇదే గోల, పెంచి వదిలేసినవి పొలాల మీద పడ్డాయి.

తమ్ముడూ, నేను చెప్పొచ్చేది ఒకటే. నీకు వద్దనిపిస్తే తీసుకోకు, తీసుకున్నాక వద్దనిపిస్తే కపిలతీర్థం పైన కొండల్లో మాత్రం వదలకు. ఫ్లోరిడాలో ఏడాదికోసారి చలైనా కాసిన్నిటిని చంపుతుంది. తిరుపతిలో ఆ చలి కూడా లేదు.

శేషాచలం_నడక

ఇది పెద్దక్షరాల్లో రాసి పెట్టాలి. శేషాచలంలో రాళ్ళ సందుల్లో బంగారు బల్లి ఉంది, తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అలాంటి చోట కొత్తదాన్ని దించి ప్రయోగాలు చేయొద్దు.

ఫైలు_పని (చిత్తూరు)

చట్టం సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి. పచ్చ ఇగ్వానా అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటీస్‌లో రెండో అనుబంధంలో ఉంది. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి అలాంటి విదేశీ జంతువులకి షెడ్యూల్ 4 పెట్టారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. పరివేష్ 2.0 పోర్టల్లో వివరాలు పెట్టాలి, అప్పటికే పెంచుతున్నవాళ్ళకి ఆరు నెలల గడువు ఇచ్చారు. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా తెలియజేయాలి.

అంటే పెంచడం నేరం కాదు, కాగితం లేకుండా పెంచడం ఇబ్బంది. నీ ఫ్రెండ్ రిజిస్టర్ చేయించాడా? ఇది కర్ణాటక నుంచి ఆంధ్రాకి రావాలి, కాబట్టి బండెక్కించే ముందే రెండు వైపులా అటవీ శాఖవాళ్ళని అడగండి. "చెన్నైలో కొన్నా, బిల్లు పోయింది" అంటే మాత్రం ఆలోచించు. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో తెచ్చి చెన్నై ఎయిర్‌పోర్టులో పట్టుబడే జంతువుల్లో ఇగ్వానాలు కూడా ఉంటున్నాయి. సాక్సులో కుక్కి, మూతికి టేపు వేసి తెస్తారు. కొన్నవాడికి ముద్దుగా కనపడుతుంది, దారిలో ఎన్ని చచ్చాయో బిల్లులో రాయరు.

నిర్వాహకులు

ఈ చర్చలో "పిల్ల ఇగ్వానాలు, హోమ్ డెలివరీ" అని పెట్టిన పోస్టు తీసేశాం. ఇక్కడ జంతువుల అమ్మకాలు కుదరవు. చర్చ కొనసాగించండి.

పట్టెడ_కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్. ఫ్రెండ్‌ని అడిగా. రిజిస్ట్రేషన్ ఉంది, కాగితం ఫొటో పంపాడు. నడిచే వీడియో కూడా పంపాడు, పొట్ట నేలకి ఆనట్లేదు. దీపం ఎప్పుడు మార్చాడంటే నవ్వాడు.

అక్క వాళ్ళు ఎండాకాలం సెలవుల తర్వాత నెల్లూరు వెళ్ళిపోతారు, అప్పటిదాకా తేను. కానీ మేడ మీద మే నెలలో రోళ్ళు పగిలే ఎండ కదా. దానికి వేడి కావాలంటున్నారు, మరి 43 డిగ్రీలు ఓకేనా?

పచ్చతోక

వేడి కావాలి, వేపుడు కాకూడదు. ఎండ కాచుకునే చోట 35 డిగ్రీలు ఉంటే చాలు, పక్కనే నీడ ఉండాలి. ఎటు పోవాలో అదే చూసుకుంటుంది. దానికి చెమట పట్టదు, కాబట్టి నీడ లేని చోట బంధిస్తే మధ్యాహ్నానికి పోతుంది. గాజు పెట్టె ఎండలో అస్సలు వద్దు. రేకుల షెడ్డు కూడా వద్దు.

మేడ మీద ఇనుప జాలీతో గది కట్టించు, మనిషి నిలబడేంత ఎత్తు, సగం పైన తాటాకు. లోపల లావుపాటి కొమ్మలు అడ్డంగా. ఎత్తు ముఖ్యం, మన తలకన్నా పైన కూర్చుంటేనే దానికి ధైర్యం. మన దగ్గర ఎండాకాలం గాలి పొడి, అది పుట్టింది తేమ అడవుల్లో. రోజుకి రెండుమూడు సార్లు నీళ్ళు చిలకరించు, అది మునిగేంత టబ్బు పెట్టు. నీళ్ళు చాలక కిడ్నీలు పోయే కేసులే ఎక్కువ. టబ్బులోనే దొడ్డికి పోతుంది, రోజూ మార్చాలి. ఊరెళ్ళేటప్పుడు ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే అనుకోండి. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్ళు బతుకుతుంది. నీ పెళ్ళి చూపుల్లో కూడా చెప్పాల్సిన విషయం ఇది.

పశువైద్యం_థర్డ్_ఇయర్

తెచ్చే ముందే పాకే జంతువుల్ని చూసే డాక్టర్ ఎవరో కనుక్కోండి. మన ఊళ్ళో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది కాబట్టి అక్కడ అడగడం మొదలుపెట్టండి. రైతు బజార్లో కొన్న ఆకు ఉప్పు నీళ్ళలో నానబెట్టి, మంచి నీళ్ళతో కడిగాకే పెట్టాలి.

పట్టెడ_కుర్రోడు

సరే. ముందు శనివారం బెంగళూరు పోయి వాడింట్లో రెండ్రోజులు ఉంటా. టబ్బు నేనే కడుగుతా, తిండి నేనే పెడతా. అది నన్ను చూసి ఎంత ఉబ్బుతుందో చూసి, అప్పుడు చెప్తా. ఓనర్ ఆంటీకి చెవి కింద పొలుసు చూపించా. "ఉడుము కాకపోతే ఏం, అద్దె పెరుగుతుంది" అంది.

పలమనేరు_పెద్దాయన

బెంగళూరు పోయేది మా ఊరి మీదుగానే కదా అబ్బయా, దిగి కాఫీ తాగి పో. తిరిగొచ్చేటప్పుడు దాన్ని తెస్తా ఉంటే మాత్రం ముందే ఇక్కడ మెసేజ్ పెట్టు. పెరట్లో మందారం ఉండాది, మందు కొట్టింది లేదు, కోసి పెడతా. మా ఆవిడ బల్లిని చూస్తేనే వీధిలోకి పరుగెత్తుతుంది, ఆమెకి కాస్త ముందు చెప్పుకోవాల.